ఎదురు పీట

జగిత్యాల కార్యాలయం నుంచి సిరిసిల్ల మరమగ్గాల శిక్షణ కేంద్రానికి నన్ను బదిలీ చేస్తూ ఇచ్చిన ఉత్తర్వు జూన్ నెల మొదటి సోమవారం నా చేతికందింది. ఉద్యోగ విరమణకు అప్పటికి ఇంకా నాలుగేళ్ల గడువుంది. హోదా పాతదే, టెక్నికల్ అసిస్టెంటు. అంటే నా పైన డెవలప్‌మెంట్ ఆఫీసరు, ఆయన పైన అసిస్టెంట్ డైరెక్టరు, నా కింద ఒకే ఒక్క అటెండరు. పని మాత్రం కొత్తది. మూడు నెలలకొక బ్యాచి చొప్పున నిరుద్యోగులకు మగ్గం పనులు నేర్పి, తంగళ్ళపల్లి వైపు వెలసిన కొత్త మిల్లులకు పనివాళ్లను తయారుచేయాలి. ఇల్లు జగిత్యాలలోనే ఉంచి, సిరిసిల్లలో ఒక గది తీసుకుని, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయేవాణ్ని.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. పది పన్నెండు సాంచాలు పెట్టుకుని నడిపించేవాణ్ని ఆసామి అంటారు. ఆ ఊళ్లో సాంచాల చప్పుడు వినపడినంతసేపు ఎవరూ పట్టించుకోరు. ఆగితేనే తలెత్తి చూస్తారు. కరెంటు పోయిందా, నూలు అయిపోయిందా అని ఆరా తీస్తారు. నాకు ఆ అలవాటు పట్టడానికి వారం పట్టింది.

దరఖాస్తులు తీసుకునే రోజున నేను బల్ల ముందు కూర్చుని రిజిస్టరులో గీతలు కొట్టుకుంటున్నాను. గుమ్మం దగ్గర అలికిడైతే తలెత్తాను. పొడుగ్గా, జడ బిగించి వేసుకుని, ముదురు ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె నిలబడి ఉంది. చూడగానే ఆమె ట్రాన్స్‌జెండర్ అని నాకు తెలిసింది. తెలిసిన మరుక్షణం నా చెయ్యి చొక్కా జేబులోకి పోయి పది రూపాయల నోటు తీసింది. జగిత్యాల బజారులో శుక్రవారం పూట వాళ్లు దుకాణాల ముందుకు రావడం, దుకాణదారు నోటు అందించి పంపించడం నేను చిన్నప్పటి నుంచి చూసినదే. నా ప్రమేయం లేకుండానే చేతికి ఆ పని అలవడింది.

ఆమె నోటు వైపు చూసింది. తర్వాత చేతిలోని ప్లాస్టిక్ కవరు లోంచి కాగితాలు తీసింది. “ఫారం నింపుకొని అచ్చిన సార్. ఒక్కపారి సూడున్రి,” అంది.

నేను నోటు మళ్లీ జేబులో పెట్టుకున్నాను. చెవులు వేడెక్కాయి. ఫారం మీద తల వంచి, అవసరమైన దానికంటే ఎక్కువసేపు చదివాను. పేరు లావణ్య. చదువు పదో తరగతి. ఆధార్ కార్డు, మార్కుల మెమో, కలెక్టరు కార్యాలయం ఇచ్చిన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు, అన్నీ జతచేసి ఉన్నాయి. స్త్రీ, పురుష అనే గడుల పక్కన ‘ఇతరులు’ అని మూడో గడి మా ఫారంలో ఎప్పటి నుంచో ఉంది. దానిలో టిక్కు పడటం నేను చూడటం అదే మొదలు. నిబంధనల పుస్తకం రెండుసార్లు తిరగేశాను. తిరస్కరించడానికి కారణమేదీ లేదు. దాచడమెందుకు, ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను కూడా. దొరకలేదు కాబట్టి చేర్చుకున్నాను.

ఆమెది రాయికల్ దగ్గర ఊరు. పదో తరగతి కాగానే మేనమామ వెంట మహారాష్ట్రలోని భీవండి పోయి, అక్కడి సాంచాల్లో పోగులెక్కించే పని నాలుగేళ్లు చేసింది. తాను తానుగా బతకడం మొదలుపెట్టాక అక్కడి సేటు పనిలోంచి తీసేశాడు, మేనమామ గదిలోంచి వెళ్లగొట్టాడు, ఊళ్లో ఇంటివాళ్లు తలుపు తీయలేదు. కొన్నేళ్లు తనలాంటి వాళ్లతో కలిసి కోరుట్ల, జగిత్యాల బజార్లలో తిరిగింది. “అడుక్కున్న సార్, అబద్ధమెందుకు,” అని తనే చెప్పింది. కోరుట్లలో ఒక గాజుల దుకాణంలో పనికి కుదిరితే, ఆడవాళ్లు లోపలికి రావడానికి జంకుతున్నారని యజమాని తొమ్మిదో రోజున మానిపించాడట. సిరిసిల్ల వచ్చి ఆసాములను అడిగితే, పని వచ్చా అని అడిగేవాళ్లు, వచ్చని చెబితే జోడీ ఎవరని అడిగేవాళ్లు. అక్కడితో మాట ఆగిపోయేది. ప్రభుత్వం ఇచ్చిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే కనీసం మిల్లు గేటు లోపలికి రానిస్తారని ఆమె ఆశ.

జోడీ అంటే ఏమిటో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మగ్గానికి నిలువు దారాలు చుట్టిన పెద్ద రోలరును భీము అంటారు. భీము మీది వేల పోగుల్లో ఒక్కొక్కదాన్నీ విడిగా పట్టుకుని, హీల్డు అనే సన్నని తీగ మధ్యలో ఉండే కంటిలోంచి లాగాలి. సూదిలో దారం ఎక్కించడం లాంటిదే, కాకపోతే వేలసార్లు. హీల్డులు నాలుగు వరుసలుగా వేలాడుతుంటాయి. మొదటి పోగు ఒకటో వరుసలో, రెండోది రెండో వరుసలో, అలా నాలుగు దాకా పోయి మళ్లీ ఒకటికి రావాలి. దీన్ని ఇద్దరు చేస్తారు. వెనక పీట మీద కూర్చున్నవాళ్లు పోగు అందిస్తారు. ముందు పీట మీది వాళ్లు కొక్కెంతో దాన్ని లాగుతారు. ఇద్దరి మోకాళ్ల మధ్య జానెడు ఎడం ఉంటుంది. మధ్యలో తీగల తెర ఉంటుంది కాబట్టి ముఖాలు సరిగా కనబడవు, అవతలివాళ్ల వేళ్లే కనబడతాయి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా అలాగే ఉండాలి.

మొదటి వారం చివర నేను జోడీల జాబితా గోడకు అంటించాను. లావణ్య ఎదుట పేరు రాసిన కుర్రవాడు మధ్యాహ్నానికల్లా నా బల్ల దగ్గరికి వచ్చాడు. “మా సోపతోళ్లు ఫోటో తీసి గ్రూపుల పెడ్తరు సార్. నేను తలెత్తుకోని తిరగద్దా?” అన్నాడు. పేరు మార్చి ఒక గృహిణిని వేశాను. ఆమె మర్నాడు రాలేదు. ఆ పై రోజు వచ్చి, “మా ఇంటాయన ఊకుంటలేడు సార్, నన్ను మానుకోమంటున్నడు,” అంది. మూడోసారి ఎవరి పేరు రాయాలో నాకు తెలియలేదు. ఇదంతా లావణ్య చూస్తూనే ఉంది. గోడ మీది జాబితాలో తన పేరు పక్కన కొట్టివేతలు పెరగడం ఎవరికి కనబడదు?

మాది మేడిపల్లి దగ్గర ఒకప్పటి దొరల కుటుంబం. ఇప్పుడు మిగిలింది కొంత పొలం, ఇంటి పేరు. మా తాత ఎదుట ఊళ్లో ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. అది గౌరవమని మాకు చెప్పి పెంచారు. ఎదురుగా కూర్చోకపోవడంలో ఎంత అవమానం దాగి ఉంటుందో, లావణ్య ఎదుటి ఖాళీ పీటను పక్కనుంచి చూసినప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

అయినా నేను చేసింది సిసలైన ఆఫీసరు పని. వడ్రంగిని పిలిపించి ఒక చెక్క చట్రం చేయించాను. వెనక మనిషి అవసరం లేకుండా, పోగులను విడివిడిగా పట్టి ఉంచే చెక్క దువ్వెన దానికి అమర్చాను. కిటికీ పక్కన వేయించి, లావణ్యను ఒక్కదాన్నే అక్కడ కూర్చోబెట్టి, రిజిస్టరులో ‘ప్రత్యేక ఏర్పాటు’ అని రాసుకున్నాను. ఎవరినీ నొప్పించకుండా సమస్య తీర్చానని ఆ శనివారం మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

సోమవారం లావణ్య ఆ చట్రం మీద చకచకా పని చేసి చూపించింది. తర్వాత అడిగింది, “మంచిగున్నది సార్. గని మిల్లుల గిట్ల ఒంటి పీట ఉంటదా?”

ఉండదని నాకూ తెలుసు. రెండో నెలలో తంగళ్ళపల్లి వైపు ఒక మిల్లు మేనేజరు వచ్చి ఆ మాట పక్కా చేసిపోయాడు. మిల్లులో పోగులెక్కించే కొత్త విభాగం తెరుస్తున్నారు. బ్యాచి ఆఖరి వారంలో పరీక్ష అక్కడే పెడతారు. రెండు గంటల్లో ఆరు వందల పోగులు ఎక్కించాలి. నెగ్గిన వాళ్లను జోడీ జోడీగానే పనిలోకి తీసుకుంటారు. ఒంటరిగా వచ్చేవాళ్లకు పరీక్ష లేదు. అసిస్టెంట్ డైరెక్టరుకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. జోడీల విషయం నిబంధనల్లో లేదు కనుక ‘మీ స్థాయిలో సర్దుబాటు’ చేసుకోమన్నారు. మా శాఖలో ఆ మాటకు అర్థం, మళ్లీ ఫోన్ చేయవద్దని.

ఒంటరివాళ్లకు పరీక్ష లేదని విన్న రోజే లావణ్య నాతో నింపాదిగా చెప్పింది. పరీక్షకు పోలేకపోతే గది ఖాళీ చేసి మళ్లీ కోరుట్ల బజారుకే పోతుందట. శిక్షణలో ఉందన్న కార్డు చూసే ఇంటి యజమాని గది అద్దెకు ఇచ్చాడట. ఇంకో దారి ఉంటే చెప్పమని నన్ను అడగలేదు.

అదే వారం మా బ్యాచిలోని రాజవ్వ జోడీ విడిపోయింది. రాజవ్వది కోరుట్ల. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. బిడ్డ కాపురం తంగళ్ళపల్లిలో ఉంటే చూడవచ్చి అక్కడే ఉండిపోయింది. వయసు ఆధార్ కార్డు ప్రకారం నలభై నాలుగు, అసలు సంగతి ఆమెకూ తెలియదు. వేళ్లు మాత్రం పాదరసమే. ఆమె జోడీ అయిన పక్కింటి కోడలు కాన్పుకు తల్లిగారింటికి పోయింది. ఇప్పుడు కేంద్రంలో ఒంటరివాళ్లు ఇద్దరు. లెక్క సరిపోయిందని సంబరపడి రాజవ్వను పిలిచి అడిగాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“నాకు గామె మీద కోపం లేదు సార్. భయం,” అంది. ఎందుకని అడిగితే చెప్పుకొచ్చింది. “కోరుట్లల ఓపారి మా ఇంటి ముంగటికి అచ్చిన్రు. నేను ఆకు కత్తిరిస్తున్న, లెవ్వలె. పోపో అన్న. ఒకామె చప్పట్లు కొట్టి ఉసురు పెట్టి పోయింది. గా నెలంత నా బీడీలు ఛాట్‌ల పోయినయ్.”

కార్ఖానాలో బీడీలు పరీక్షించి బాగాలేనివి తీసి పారేయడాన్ని ఛాట్ అంటారు. ఆకు తడి ఎక్కువై ఉంటుందని నేను నచ్చజెప్పబోయాను.

“ఆకు గా నెలనే ఎందుకు తడ్వాలె సార్?” అంది రాజవ్వ. “పోగు అందిచ్చుడుల నా చెయ్యి ఎప్పుడన్న తప్పుతది. తప్పితే ఆమె తిడ్తది. ఆళ్ల తిట్టు ఊకెపోదు.”

కిటికీ పక్కన ఒంటి చట్రం దగ్గర కూర్చున్న లావణ్య అంతా విన్నది. మొదట నవ్వింది. “అవ్వా, నా నోట్ల గంత బలముంటే నన్ను వెళ్లగొట్టిన భీవండి సేటు ఇంక నడుస్తుండెనా? మొన్న ఇంకో నాలుగు సాంచాలు పెట్టిండట!”

హాలంతా నవ్వింది. రాజవ్వ నవ్వలేదు. కూరగాయల బేరమాడినట్టు ఒక షరతు పెట్టింది. “అయితే ఒక్కపారి తిట్టు. వారం సూస్త. ఏం గాకుంటే నీ ఎదురుంగ కూసుంట.”

లావణ్య ముఖంలో నవ్వు పోయింది. “గా పని ఇడ్శిపెడ్దామనే ఈడికచ్చిన అవ్వా. మల్ల అదే చెయ్యమంటవా?” అంది. రాజవ్వ కదల్లేదు. నేను కలగజేసుకోవాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. ప్రభుత్వ కార్యాలయంలో శాపనార్థాల విషయమై ఏ ఉత్తర్వూ లేదు. లావణ్య ఒక నిమిషం కొక్కెం చేతిలో తిప్పుతూ కూర్చుని, దాన్ని పక్కన పెట్టి లేచింది. చీర కొంగు నడుముకు దోపుకుని, రెండు అరచేతులూ వెడల్పుగా చాచి చప్పట్లు కొట్టింది. బజారులో ఎన్నోసార్లు విన్న ఆ చప్పుడు నాలుగు గోడల మధ్య వినేసరికి ఉలిక్కిపడ్డాను. “నీ చేతిల పోగు పోగంత తెగిపోను!” అంది. రాజవ్వ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. లావణ్య గబగబా బయటికి పోయి, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు.

అది శుక్రవారం. మళ్లీ శుక్రవారం దాకా ఒక్క పోగు తెగకూడదు. ఆ వారం నూలు నాణ్యత మీద నేను చూపిన శ్రద్ధ, నా సర్వీసులో ఎన్నడూ చూపలేదు. గాలిలో తేమ తగ్గితే దారం పెళుసెక్కుతుంది కాబట్టి, అటెండరుతో పూటకు రెండుసార్లు నేల మీద నీళ్లు చల్లించాను. జోడీ లేని రాజవ్వ ఆ వారం తనే పోగు పట్టి తనే లాగుతూ సాధన చేసేది, ఆమె ముందు పెట్టే నూలును నేనే వేళ్లతో లాగి చూసేవాణ్ని. శాపం ఫలించకుండా ప్రభుత్వ ఖర్చుతో కాపలా కాసిన అధికారిని బహుశా నేనొక్కణ్నే.

బుధవారం మధ్యాహ్నం రాజవ్వ చేతిలో పోగు తెగింది.

ఆమె పీట మీంచి లేచి నిలబడింది. అందరి చేతులూ ఆగిపోయాయి. లావణ్య కిటికీ దగ్గర కొక్కెం పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను భూతద్దం తీసుకుపోయి తెగిన కొసను చూశాను. అక్కడ లావుపాటి ముడి ఉంది. నూలు వడికే మిల్లులో దారం తెగితే వేసే ముడి అది. సన్నగా వేయాల్సింది మొద్దుగా వేశారు. అది తీగ కంట్లో ఇరుక్కుని తెగింది. ఆ నూలు వచ్చిన పెట్టెలోని మరో మూడు కండెలు విప్పి, వాటిలోనూ అలాంటి ముడులు చూపించాను. రాజవ్వ భూతద్దం నా చేతిలోంచి తీసుకుని తనే చూసింది.

“గీ ముడి ఎప్పటిది సార్?”

నూలు మిల్లులో పడింది, తక్కువలో తక్కువ రెండు నెలల కిందటిదని చెప్పాను.

“అంటే ఆమె తిట్టకముందుదే. గిది లెక్కల రాదు,” అని తీర్పు చెప్పి కూర్చుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. లావణ్య ఆ పూట మళ్లీ కొక్కెం పట్టలేకపోయింది.

శుక్రవారం పొద్దున రాజవ్వ అందరికంటే ముందే వచ్చి, తన పీటను బరబరా ఈడ్చుకుంటూ తీసుకుపోయి లావణ్య ఎదుట వేసింది. మొదటి గంట ఇద్దరూ మాట్లాడుకోలేదు. రెండో గంటలో రాజవ్వ గొంతు వినపడింది. “గంత జోరుగ గుంజకు, నా ఏళ్లు గూడ కంట్లకెల్లి గుంజుతవా?” అని కసురుతోంది. లావణ్య కిలకిలా నవ్వుతోంది. నేను బయటికి వచ్చి టీ చెప్పాను.

పరీక్ష కూడా శుక్రవారం నాడే వచ్చింది. మిల్లు కొత్త విభాగానికి మామిడి తోరణం కట్టారు. మొదటి భీముకు పసుపు కుంకుమలు పెట్టారు. మేనేజరు మర్యాదస్థుడు. నన్ను పక్కకు తీసుకుపోయి, ఒక బల్ల మీద చీర, తాంబూలం పెట్టిన పళ్లెం చూపించాడు. శుక్రవారం పూట ఇలాంటి మనిషి రావడం తమ అదృష్టమని, భీము మీద చెయ్యి పెట్టి దీవించి, చీర తీసుకుని పొమ్మనాలని, పరీక్ష మిగతా వాళ్లతో జరుపుదామని అన్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె దీవెన కావాలి. ఆమె మాత్రం పీట మీద కూర్చోవద్దు.

లావణ్య పళ్లెం వైపు చూసింది. గుమ్మంలో నేను చాచిన పది రూపాయల నోటు నాకు గుర్తొచ్చింది. నిబంధనలు ఎత్తిచూపుదామని గొంతు సవరించుకుంటున్నాను. ఈలోగా వెనక నుంచి రాజవ్వ అందుకుంది.

“ఆమె దీవెన పనిచెయ్యది సార్. తిట్టు గూడ పనిచెయ్యది. నేను వారం రోజులు సూసిన. గీ సారు సాక్షి. ఆమెకు పోగులెక్కిచ్చుడే అస్తది.”

మేనేజరు నా వైపు తిరిగాడు. “అవునండీ, నేను స్వయంగా పరిశీలించాను,” అన్నాను. నేను ఎన్నో ధ్రువీకరణలు ఇచ్చాను గానీ, శాపం ఫలించలేదని అధికారికంగా ధ్రువీకరించింది అదొక్కసారే. మేనేజరు ఇబ్బందిగా నవ్వి, పళ్లెం తీయించి, ఆఖరి చట్రం వాళ్లకు ఇవ్వమన్నాడు.

గంటా ముప్పావుకల్లా లావణ్య, రాజవ్వ తమకు లెక్కపెట్టి విడదీసి ఇచ్చిన ఆరు వందల పోగులూ ఎక్కించేశారు. నా మనసు కుదుటపడబోతుండగా లావణ్య చెయ్యి ఆగింది. నాలుగు వరుసల పనిలో ఆరు వందలో పోగు నాలుగో వరుసలో పడాలి. అది మూడో వరుసలో ఉంది. ఎక్కడో ఒకే కంట్లో రెండు పోగులు దూరాయన్నమాట. అలాగే వదిలేస్తే గుడ్డ పొడవునా గీత పడుతుంది. పరీక్ష నియమం ప్రకారం, గడువులోపల తామే పట్టుకుని సరిచేస్తే తప్పు కాదు. పరీక్షకుడు పట్టుకుంటే ఆ జోడీ తప్పినట్టే. మిగిలింది పదిహేను నిమిషాలు. ఆరు వందల కళ్లు. నాకు నోరు మెదిపే హక్కు లేదు. వేలిగోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను.

లావణ్య ఒక కొస నుంచి వెతకడం మొదలుపెట్టింది. తీగల తెర వెనక రాజవ్వ చేతులు కదలడం లేదు. తర్వాత ఆమె గొంతు వినపడింది. మెల్లగా అన్నా మేమందరం విన్నాం.

“బిడ్డా, తప్పు నాదే. గా మేనేజరు సారు ఎనుకకెల్లి నడిసినప్పుడు నా చెయ్యి తడబడ్డది. రెండు పోగులు ఒక్కపారే అందిచ్చినట్టున్న. సగం గూడ కాలేదు గప్పటికి.”

లావణ్య సగానికి కాస్త ఇవతల వేళ్లు పెట్టి, తీగలను రెండేసి చొప్పున విడదీస్తూ పోయింది. ఐదారు నిమిషాల్లో దొరికింది. రెండో వరుసలో ఒక కంట్లో రెండు పోగులు. ఎక్కువైన దాన్ని వెనక్కి లాగి పక్కకు వదిలేసింది. ఆఖరున భీము మీది మరో పోగు ఎక్కిస్తే అది సరిగ్గా నాలుగో వరుసలో పడింది. పరీక్షకుడు వచ్చేటప్పటికి ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన నాలుగు వరుసలూ చూసి, చీటీ మీద సంతకం చేసి ఇచ్చాడు. ఆ పూట ఎన్ని టీలు తాగానో నాకే తెలియదు.

సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చిన రోజు లావణ్యకు మొదటి రోజు నేను చేసిన పని గుర్తుచేశాను. క్షమించమని అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. నాకు చేతనైనంత అడిగాను.

“యాదికున్నది సార్,” అంది. “చానమంది నోటు చేతుల పెట్టి పంపిస్తరు. మీరు మల్ల జేబుల పెట్టుకున్నరు. గప్పుడే అనుకున్న, ఈడ పని అయితదని.”

నాకు తెలిసినంతవరకు ఆ జోడీ ఇప్పటికీ అదే మిల్లులో ఉంది. రాజవ్వ ఇప్పటికీ కసురుతుందట. లావణ్య ఉండేది రాజవ్వ బిడ్డ ఇంటి వెనక గదిలో. పదవీ విరమణ తర్వాత ఒకసారి పోయి చూశాను. పనిలో ఉన్నారు కాబట్టి తల ఎత్తలేదు, నేనూ పిలవలేదు.

ఈ వృత్తి గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. ఒకరికొకరు భయపడే ఇద్దరిని ఒక చట్రం మీద కూర్చోబెట్టకూడదు. భయపడే మనిషి తన తప్పును దాస్తుంది, దాచిన తప్పు గుడ్డ మీద బయటపడుతుంది. ఆ రోజు రాజవ్వ నోరు విప్పకపోతే పదిహేను నిమిషాలు చాలేవి కావు. ఆమె నోరు విప్పగలిగిందంటే అంతకుముందు వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు కాబట్టి. విడిగా కూర్చోబెట్టి సమస్య తీర్చానని నేను అనుకున్న రోజుల్లో ఆ అవకాశాన్ని ఇద్దరికీ లేకుండా చేసింది నేనే. తర్వాతి బ్యాచి మొదలుకాక ముందే రిజిస్టరులో ‘ప్రత్యేక ఏర్పాటు’ అన్న మాట కొట్టేశాను. వడ్రంగిని మళ్లీ పిలిపించి, ఆ ఒంటి చట్రం విప్పించి, ఆ చెక్కతో రెండు పీటలు చేయించాను.